మిలిగన్‌ని ఎలా వినాలి, అతని దగ్గర ఎవరు ఏం పట్టుకెళ్ళారు

ప్రశ్న ఇది: మాంటీ పైథాన్ అనే బ్రిటిష్ టీవీ హాస్య బృందం దగ్గర్నుంచి బీటిల్స్ దాకా అందరూ హాస్య రచయిత, నటుడు స్పైక్ మిలిగన్ పేరు చెప్పి దండం పెడతారు. తీరా అతను రాసిన రేడియో హాస్య కార్యక్రమం "ది గూన్ షో" పెట్టుకుని వింటే కీచు గొంతులు, పేలుళ్ళు, కారణం తెలియని నవ్వులు తప్ప చెవికి ఏమీ ఆనలేదు. ఆ ప్రభావం నిజమేనా? నిజమైతే ఎక్కడుంది? వినడం ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రభావం నిజమే. అది కనిపించాలంటే మాత్రం ముందు మిలిగన్ హాస్యాన్ని "పిచ్చి గోల" అనే మాట కింద తోసేయడం మానాలి. అతను చేసింది చాలా నిష్ఠతో కూడిన పని. కథ మొదట్లోనే ఒక అబద్ధాన్ని ఒప్పుకుంటాడు. ఆ తర్వాత అరగంటసేపు ఆ అబద్ధానికి ద్రోహం చెయ్యడు. తర్వాత వచ్చినవాళ్ళు ఈ పద్ధతిలోంచి తలా ఒక ముక్క తీసుకుపోయారు. ఒకళ్ళు శబ్దం, ఒకళ్ళు ముగింపు లేని స్కెచ్ (చిన్న హాస్య ఘట్టం), ఒకళ్ళు మాటల్ని విరిచే అలవాటు. అందుకే ఆ ప్రభావం ఒక్కచోట కుప్పగా దొరకదు.

ముందు వినే సంగతి చూద్దాం. చాలామంది చేసే పొరపాటు మొదటి సిరీస్ నుంచి వరసగా వినబోవడం. షో 1951 మే 28న బీబీసీలో "క్రేజీ పీపుల్" అనే పేరుతో మొదలైంది, 1960 జనవరి 28న ఆగిపోయింది. మొత్తం పది సిరీస్‌లు. వాటిలో మొదటి నాలుగింటి రికార్డింగులు చాలావరకు మిగల్లేదు. ఆ నాలుగింటిలో మిగిలిన కొద్దిపాటిలో కూడా ఒకదానికొకటి సంబంధం లేని చిన్న చిన్న స్కెచ్‌లే ఎక్కువ. ఇప్పుడు అందరూ గూన్ షో అని పిలిచే రూపం, అంటే అరగంటా ఒకే కథ నడవడం, 1954 శరదృతువులో మొదలైన ఐదో సిరీస్‌కి గానీ కుదురుకోలేదు. అక్కణ్ణుంచి వినండి.

రెండో ఇబ్బంది గొంతులు. పాతికమంది మాట్లాడుతున్నట్టు ఉంటుంది గానీ మైకు ముందున్నది ముగ్గురే: మిలిగన్, పీటర్ సెల్లర్స్, హ్యారీ సీకంబ్. మొదట్లో మైకేల్ బెంటైన్ కూడా ఉండేవాడు, 1952లో తప్పుకున్నాడు. ఎనిమిది గొంతులు గుర్తుపడితే చాలు, సగం గోల కథగా మారిపోతుంది. సీకంబ్‌ది ప్రధానంగా ఒక్కటే పాత్ర, నెడ్డీ సీగూన్. గట్టిగా, ఉత్సాహంగా, ఏది చెప్పినా నమ్మేసే నాయకుడు. సెల్లర్స్‌వి నాలుగు. పిరికి, లంచగొండి మేజర్ బ్లడ్‌నాక్. పట్టుబట్టలాంటి గొంతుతో మోసం చేసే గ్రిట్‌పైప్-థిన్. వణికే ముసలాయన హెన్రీ క్రన్. కీచుగొంతు పిల్లవాడు బ్లూబాటిల్. మిలిగన్‌వి మూడు. మందబుద్ధి ఎకిల్స్, క్రన్‌తో కలిసి ఉండే ముసలమ్మ మిన్నీ బ్యానిస్టర్, గ్రిట్‌పైప్ పక్కన దిగజారిపోయిన ఫ్రెంచి దొర మోరియార్టీ. కథని కదిలించేది గ్రిట్‌పైప్, ఇరుక్కునేది సీగూన్, చివరికి పేలిపోయేది బ్లూబాటిల్. ఈ మూడు ముక్కలూ గుర్తుంటే దారి తప్పరు.

మధ్యలో రెండుసార్లు సంగీతం వస్తుంది: మ్యాక్స్ గెల్డ్రే మౌతార్గన్ ఒకసారి, రే ఎల్లింగ్టన్ బృందం పాట ఒకసారి. కథతో వాటికి సంబంధం లేదు కదా అని దాటేయకండి. అరగంటని మూడు అంకాలుగా కోసే కత్తులు అవే. మిలిగన్ ప్రతి ముక్కనీ అక్కడికి సరిగ్గా తెగేలా రాశాడు. పాట ముందు నటులు బ్రాందీ గురించి ఏదో గొణుక్కుంటూ పారిపోవడం వినిపిస్తే అది ఉత్త జోకు కాదు. స్టూడియోలో మద్యం కూడదు కాబట్టి పాట నడిచే కాసేపట్లో చాటుగా పాలల్లో బ్రాందీ కలుపుకుని తాగేవాళ్ళు.

మూడో ఇబ్బందికి మందు లేదు. కొన్నిచోట్ల ప్రేక్షకులు పగలబడి నవ్వుతారు, మీకు ఏమీ వినపడదు. రికార్డింగు లండన్‌లో, ఎక్కువగా క్యామ్డెన్ థియేటర్‌లో, ఎదురుగా జనాన్ని కూర్చోబెట్టి చేసేవాళ్ళు. వేదిక మీద నటులు చేసిన కోతిచేష్టలకి వచ్చిన నవ్వు అది. అక్కడ జోకు వెతుక్కోవడం మీ సమయం దండగ. 1950ల నాటి రేషన్లు, మంత్రులు, రేడియో అనౌన్సర్ల మీద విసుర్లు కూడా అంతే. పోనివ్వండి.

ఈ వరసలో మూడు ఎపిసోడ్లు వినండి. మొదట "ది డ్రెడెడ్ బ్యాటర్ పుడింగ్ హర్లర్", 1954 అక్టోబరుది. యుద్ధకాలం, బెక్స్‌హిల్ అనే సముద్రతీరపు ఊరు, దీపాలు ఆర్పేసిన చీకట్లో ఎవడో జనం మీద పిండి పుడింగులు విసురుతున్నాడు. దాని మీద అచ్చమైన పోలీసు దర్యాప్తు. మిలిగన్ యుద్ధంలో ఫిరంగిదళం సిపాయిగా శిక్షణ పొందిన ఊరు కూడా అదే. రెండోది "నెపోలియన్స్ పియానో", 1955 అక్టోబరు. మూడోది "ది మిస్టీరియస్ పంచ్-అప్-ద-కాంకర్", 1957 ఫిబ్రవరి. మొదటిసారి ఆపకుండా వినండి. రెండోసారి స్క్రిప్టు పక్కన పెట్టుకుని వినండి. స్క్రిప్టులు 1972లో పుస్తకంగా వచ్చాయి. స్క్రిప్టు మాత్రమే చదివితే సగం చచ్చిపోతుంది, ఎందుకో కింద చెబుతాను.

ఇప్పుడు అసలు పద్ధతి. నెపోలియన్ పియానో కథ చూడండి. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పియానో జరిపితే 5 పౌన్లు ఇస్తామని ప్రకటన. సీగూన్ సంతకం పెట్టేస్తాడు. తర్వాత తెలుస్తుంది, పియానో ఉన్న గది ప్యారిస్‌లోని లూవ్ర్‌లో ఉంది, చేర్చాల్సిన గది ఇంగ్లండ్‌లో. దారిఖర్చు 5 పౌన్లు దాటుతుంది, ఒప్పందం మాత్రం ఒప్పందమే. పడవకి డబ్బు లేదు కాబట్టి పియానోనే సముద్రంలోకి దింపి, దాని మీదెక్కి వస్తారు. ఇందులో ఎక్కడా "ఏదో ఒకటి జరిగింది" అన్న మెట్టు లేదు. ప్రతి మెట్టూ దాని ముందు మెట్టు నుంచే వచ్చింది. గదిలోంచి గదిలోకి అన్న మాటని అక్షరాలా పాటించడమే కథ.

పంచ్-అప్ ఎపిసోడ్‌లో ఎకిల్స్, బ్లూబాటిల్ టైము గురించి మాట్లాడుకునే ఘట్టం ఇంకా శుద్ధమైనది. టైమెంతైందని బ్లూబాటిల్ అడుగుతాడు. ఎకిల్స్ జేబులోంచి కాగితం తీసి ఎనిమిదైందంటాడు. పొద్దున ఎవరో పెద్దమనిషి రాసిచ్చాడట, ఎవరడిగినా అది చూపిస్తాడట. మరి అడిగినప్పుడు ఎనిమిది కాకపోతే? అప్పుడు చూపించడు. ఈ సమాధానాన్ని ఖండించడానికి ప్రయత్నించండి. కుదరదు. ఎకిల్స్ తెలివితక్కువవాడు, వాడి తర్కంలో మాత్రం చిల్లు లేదు. అధివాస్తవికత అంటే ఒకదాని మీద ఒకటి వింతలు పేర్చడమే అనుకునేవాళ్ళు ఈ మూడు నిమిషాలు వినాలి. అందులో ఉన్న వింత వస్తువు ఒకే ఒక్క కాగితం ముక్క.

ఇది వేదిక మీద ఇంత బాగా పండదు. కాగితం కనిపిస్తే అది కాగితమే. రేడియోలో అయితే వినేవాడి తలలో నిజంగా గడియారంగా పనిచేస్తుంది. ఈ సంగతిని మిలిగన్ తన ముందువాళ్ళ కంటే గట్టిగా పట్టుకున్నాడు. అతనికి ముందు రేడియో హాస్యంలో శబ్దం అంటే తలుపు చప్పుడు, అడుగుల చప్పుడు: మాటకి సాక్ష్యం. మిలిగన్ శబ్దాన్ని మాటకి ఎదురు తిప్పాడు. అడుగులు వేగం పెరిగి పెరిగి జెట్ విమానంలా దూసుకుపోతాయి. తలుపు మూసిన తర్వాత కూడా ఇంకా తలుపులు మూసుకుంటూనే ఉంటాయి. ఒక పేలుడు ఎంతసేపు ఉండాలి, ఆ తర్వాత నిశ్శబ్దం ఎంతసేపు ఉండాలి అని స్టూడియో మనుషులతో కొట్లాడేవాడు. తను జాజ్ ట్రంపెట్ వాయించేవాడు కాబట్టి దాన్ని తాళంలా చూసేవాడనుకుంటాను. అచ్చులో చదివితే ఈ తాళం పోతుంది. స్క్రిప్టు ఒక్కటే చాలదన్నది అందుకే.

ఈ కొట్లాటల ఫలితం హాస్యానికి బయట కూడా మిగిలింది. బీబీసీ 1958లో రేడియోఫోనిక్ వర్క్‌షాప్ అనే ధ్వని విభాగం పెట్టింది. తొలినాళ్ళలో అది చేసిన పేరున్న పనుల్లో ఒకటి మేజర్ బ్లడ్‌నాక్ కడుపులో గడబిడ. గుడగుడలు, బుడబుడలు, ఒక పేలుడు కలిపిన ఎలక్ట్రానిక్ కూర్పు. "డాక్టర్ హూ" అనే సైన్స్ ఫిక్షన్ టీవీ సీరియల్ సంగీతానికి 1963లో ఎలక్ట్రానిక్ రూపం ఇచ్చింది కూడా ఈ విభాగమే. అజీర్తి దగ్గర మొదలై అంతరిక్షం దాకా వెళ్ళిన దారి అది.

బీటిల్స్ సంగతికి వస్తే, వాళ్ళలో ఒకడైన జాన్ లెనన్ చిన్నప్పుడు గూన్ షో వినేవాడు అని చెప్పి ఊరుకుంటారు. లంకె అంతకంటే గట్టిది, మనుషుల ద్వారా నడిచింది. బీటిల్స్‌కి రికార్డు నిర్మాత అయిన జార్జ్ మార్టిన్, వాళ్ళకంటే ముందు పార్లోఫోన్ కంపెనీలో సెల్లర్స్‌తో, మిలిగన్‌తో హాస్య రికార్డులు చేశాడు. 1962లో వచ్చిన "బ్రిడ్జ్ ఆన్ ద రివర్ వై" సంగతి తెలుసుకోదగ్గది. "ద బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వాయ్" సినిమా మీద పేరడీ అది. ఆ పేరు వాడితే కోర్టుకి ఈడుస్తారన్న భయం వచ్చింది. రికార్డింగు అప్పటికే అయిపోయింది. టేపులో క్వాయ్ అన్న ప్రతిచోటా మొదటి "క్" శబ్దాన్ని కోసి పారేశారు, "వై" మిగిలింది. వేల్స్ సరిహద్దుల్లో వై అనే నది ఉంది కూడా. టేపుని కత్తిరించి అర్థాన్ని మార్చవచ్చన్న అనుభవం ఉన్న మనిషి, అదే ఏడు లివర్‌పూల్ కుర్రాళ్ళు నలుగురిని స్టూడియోలోకి తీసుకున్నాడు. వాళ్ళకి మార్టిన్ మీద తొలి గౌరవం కూడా అతను గూన్లతో పనిచేశాడనే. 1973లో గూన్ షో స్క్రిప్టుల పుస్తకానికి న్యూయార్క్ టైమ్స్‌లో సమీక్ష రాసింది జాన్ లెననే.

రెండో లంకె రిచర్డ్ లెస్టర్. 1956లో మిలిగన్, సెల్లర్స్ టీవీ కోసం చేసిన "ఎ షో కాల్డ్ ఫ్రెడ్"కి దర్శకుడు అతనే. తర్వాత సెల్లర్స్‌తో కలిసి 11 నిమిషాల మూగ చిత్రం ఒకటి తీశాడు, "ద రన్నింగ్ జంపింగ్ అండ్ స్టాండింగ్ స్టిల్ ఫిల్మ్". ఖర్చు 70 పౌన్లు. పొలంలో కొందరు మనుషులు వింత పనులు చేస్తుంటారు, అంతే. దానికి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. బీటిల్స్ తమ మొదటి సినిమాకి లెస్టర్‌ని ఇష్టపడటానికి ముఖ్య కారణం ఈ చిత్రం. 1964 నాటి "ఎ హార్డ్ డేస్ నైట్"లో నలుగురూ మైదానంలోకి పరుగెత్తుకొచ్చి గంతులేసే ఘట్టం చూడండి, వెంటనే ఆ 11 నిమిషాలు చూడండి. పాటని కెమెరాతో ఎలా కోయాలన్న దాంట్లో ఆ ఘట్టం తర్వాతి తరాలకి నమూనా అయింది. అంటే మ్యూజిక్ వీడియోల వంశవృక్షంలో ఒక వేరు ఇక్కడుంది.

మాంటీ పైథాన్ విషయంలో తేదీలు ముఖ్యం, ఎందుకంటే "కాపీ కొట్టారు" అన్న వాదన ఎప్పుడూ లేస్తుంటుంది. మిలిగన్ టీవీ షో "క్యూ5" బీబీసీ 2లో 1969 మార్చి 24న మొదలైంది. పైథాన్ మొదటి ఎపిసోడ్ అదే ఏడు అక్టోబరు 5న వచ్చింది. క్యూ5లో స్కెచ్‌లకి ముగింపు ఉండదు. ఒకటి నడుస్తూ నడుస్తూ ఇంకోదాంట్లో పడిపోతుంది, లేదా నటులు మధ్యలోనే వదిలేసి నడిచి వెళ్ళిపోతారు. దుస్తులకి బీబీసీ స్టోరు చీటీలు వేలాడుతూనే ఉంటాయి. పైథాన్లు అప్పటికే ఇలాంటిదే ఏదో చేయాలని తంటాలు పడుతున్నారు. క్యూ5 చూసి మనం అనుకున్నది ఈయన చేసేశాడే అని కంగారు పడ్డట్టు ఆ బృందంలోని టెర్రీ జోన్స్, మైకేల్ పేలిన్ బాహాటంగానే చెప్పారు. ఆ కంగారులో చేసిన తెలివైన పని, క్యూ5 దర్శకుడు ఇయాన్ మక్‌నాటన్‌నే తమకి కావాలని అడిగి తెచ్చుకోవడం.

మరి పైథాన్ల సొంతం ఏమిటి? ముగింపు లేని స్కెచ్‌కి ఒక చిక్కుంది. జనం దాన్ని చేతకానితనం అనుకుంటారు. క్యూ5లో అది తరచూ జరిగింది కూడా, కొన్ని స్కెచ్‌లు నిజంగానే కూలబడ్డాయి. పైథాన్లు ఆ ఖాళీని తమలో ఒకడైన టెర్రీ గిలియం చేసిన కత్తిరింపుల కదిలే బొమ్మలతో (యానిమేషన్‌తో) పూడ్చారు. స్కెచ్ ఆగిన చోట బొమ్మ అందుకుంటుంది, బొమ్మ ఆగిన చోట ఇంకో స్కెచ్. ఆరుగురు కూర్చుని ఓటేసి బాగాలేనివి తీసేసేవాళ్ళు. మిలిగన్‌కి అలా తీసేసేవాళ్ళు లేరు. గూన్ షోలో ల్యారీ స్టీఫెన్స్, ఎరిక్ సైక్స్ లాంటి సహరచయితలు, పీటర్ ఈటన్ లాంటి కచ్చితమైన నిర్మాత ఉన్నప్పుడు వచ్చినవే అతని మంచి ఎపిసోడ్లు. పట్టుకునేవాడు లేని మిలిగన్ మూడు వంతులు పేలవం, ఒక వంతు ఎవరూ అందుకోలేనిది. ఇది నా తీర్పు, కోపం వచ్చే అభిమానులు ఉంటారు. క్యూ5 ఎపిసోడ్లు చాలావరకు టేపు చెరిపేయడంతో పోయాయి. 1975 నాటి క్యూ6 నుంచి చూసుకోవచ్చు. మిలిగన్‌కి పైథాన్ల మీద పగ ఏమీ ఉన్నట్టు లేదు. వాళ్ళు ట్యునీసియాలో "లైఫ్ ఆఫ్ బ్రయన్" సినిమా తీస్తుండగా, అతను తను యుద్ధం చేసిన చోట్లు చూసుకోవడానికి అక్కడికే సెలవు మీద వచ్చి దొరికిపోయాడు. ఒక చిన్న వేషం వేయించారు. దగ్గర షాట్లు తీసేలోపే వెళ్ళిపోయాడు.

ఇంగ్లీషు భాషలోనే మిగిలినవి కొన్ని ఉన్నాయి. 1954 నవంబరులో "లర్గీ స్ట్రైక్స్ బ్రిటన్" అనే ఎపిసోడ్ వచ్చింది. లర్గీ అనే మాయరోగం దేశమంతా పాకుతోందట, బ్యాండు వాయిద్యాలు వాయించేవాళ్ళకి మాత్రం రాదట. ఆ పుకారు పుట్టించినవాళ్ళు వాయిద్యాల వ్యాపారులని తర్వాత తేలుతుంది. ఏ రోగమో తెలియని నలతని బ్రిటన్‌లో ఇప్పటికీ లర్గీ అంటారు, నిఘంటువుల్లో కూడా ఎక్కింది. ఆ మాట ఎక్కడిదో వాడేవాళ్ళలో చాలామందికి తెలియదు. ఇంకోటి. 2002లో రిచర్డ్ వైజ్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఇంటర్నెట్లో జనం చేత ఓట్లేయించి ప్రపంచంలో అందరినీ నవ్వించే జోకుని ఎంపిక చేశాడు. వేటకెళ్ళిన ఇద్దరిలో ఒకడు పడిపోతాడు. రెండోవాడు ఫోను చేసి మా వాడు చచ్చిపోయాడంటాడు. ముందు చచ్చాడో లేదో ఖాయం చేసుకోండి అంటారు అవతలివాళ్ళు. తుపాకి పేలిన శబ్దం. "ఆఁ, ఇప్పుడేం చెయ్యమంటారు?" దీని మూలం 1951 నాటి గూన్ల స్కెచ్‌లో ఉందని తర్వాత వైజ్‌మనే కనిపెట్టాడు. ఇక్కడా అదే సూత్రం: చెప్పిన మాటని అక్షరాలా పాటించడం.

మిలిగన్ పుట్టింది 1918 ఏప్రిల్ 16న అహ్మద్‌నగర్‌లో, ఇప్పటి అహిల్యానగర్. తండ్రి ఐరిష్‌వాడు, బ్రిటిష్ ఇండియా సైన్యంలో పనిచేస్తూ వేదికల మీద పాటలూ ఆటలూ కూడా చేసేవాడు. చదువు పూణెలో, రంగూన్‌లో. కుటుంబం 1930ల మొదట్లో లండన్ చేరింది. గూన్ షోలో కంటోన్మెంటు వాసన అందుకే అంత గాఢంగా ఉంటుంది. బ్లడ్‌నాక్‌లో కనిపించేది ఆ సైన్యపు దొరే: పతకాల వెనక పిరికితనం, గల్లాపెట్టెలో చెయ్యి, కూర తిని పాడైన కడుపు. సామ్రాజ్యాన్ని దాని సైనికుడి కొడుకే, దాని రేడియోలోనే వెక్కిరించాడు.

కానీ ఇదే మనిషి తీసుకున్న ఇంకో దారి గురించి చెప్పకపోతే జవాబు సగమే. గూన్ షోలో లాల్‌కాకా, బెనర్జీ అని ఇద్దరు గుమస్తాలు వస్తారు, సెల్లర్స్, మిలిగన్ యాసపెట్టి మాట్లాడతారు. అవి వింటుంటే కొన్నిచోట్ల పరిపాలనని వెక్కిరిస్తున్నట్టు, కొన్నిచోట్ల ఉత్త యాసని వెక్కిరిస్తున్నట్టు ఉంటాయి. 1969లో వచ్చిన "కర్రీ అండ్ చిప్స్" టీవీ షోలో మిలిగన్ ముఖానికి రంగు పూసుకుని పాకిస్తానీ-ఐరిష్ కార్మికుడి వేషం వేశాడు. జాతి దురభిమానాన్ని ఎండగట్టడమే ఉద్దేశమన్నారు. జనం నవ్వింది మాత్రం తిట్లకి. ఫిర్యాదులొచ్చి ఆరు ఎపిసోడ్లకే ఆగిపోయింది. క్యూ షోల్లో కూడా ఇలాంటివి ఉన్నాయి. చిన్నప్పుడు ఇండియాలో పెరిగాడు కదా, ప్రేమతోనే చేశాడు అనే సమర్థన నిలబడదు. సాంకేతికంగా కూడా అవి బలహీనమైన స్కెచ్‌లు. అబద్ధపు ఆవరణ కట్టి దాన్ని పాటించే పని అక్కడ లేదు, వేషమే జోకు. తర్వాతి తరం వదిలేసినవి ఇవే.

ఇంకో అపోహ, పిచ్చి వల్లే ఆ ప్రతిభ అన్నది. 1944 జనవరిలో ఇటలీలో కసీనో పోరులో మోర్టారు దెబ్బకి గాయపడి, నరాలు చితికి, ఉన్న చిన్న హోదా కూడా పోగొట్టుకున్నాడు. 1952 చివర్లో, వారం వారం స్క్రిప్టు రాసే ఒత్తిడిలో కూలిపోయి ఆసుపత్రి పాలయ్యాడు. జీవితమంతా తీవ్రమైన కుంగుబాటు, ఉద్రేకం మారిమారి వచ్చే జబ్బుతో పోరాడాడు. సైకియాట్రిస్టు ఆంథనీ క్లేర్‌తో కలిసి 1993లో దాని మీదే పుస్తకం రాశాడు. జబ్బు ముదిరిన రోజుల్లో అతను రాసింది తక్కువ, పోగొట్టుకుంది ఎక్కువ. ఐదో సిరీస్‌లో 26 ఎపిసోడ్లు ఉన్నాయి. ఆ లెక్క చూస్తే అది ఆవేశంలో వచ్చిన పని కాదని, గుమస్తాలా కూర్చుని చేసిన పని అని అర్థమవుతుంది. యుద్ధం మాత్రం షోలో ఉంది. పేలుళ్ళన్నీ అక్కడివే, ఒక్క మార్పుతో: బ్లూబాటిల్ ప్రతివారం పేలిపోతాడు, పేలిపోయాక నన్ను చంపేశావురా అని గొడవ పెట్టుకుంటాడు. తన పాత్రకి రాసిన రంగసూచనల్ని కూడా వాడే పైకి చదువుతాడు, చప్పట్ల కోసం ఆగుతాడు, రాకపోతే రాలేదని అదీ చదువుతాడు. నాటకం తనని తాను నాటకమని చెప్పుకునే ఈ అలవాటు ఇప్పుడు ఎంత మామూలైపోయిందంటే, దాని వయసు ఎవరికీ గుర్తులేదు.

ఇలాంటిది తెలుగులో రాయాలనుకునేవాళ్ళకి, ముఖ్యంగా పాడ్‌కాస్టుల వాళ్ళకి, పనికొచ్చే ముక్క. ఒకే ఒక్క అబద్ధం పెట్టుకోండి. ఉదాహరణకి, బస్సులో నిలబడి ప్రయాణించకూడదని నిబంధన. సీట్లు నిండాయి. కండక్టరు ఎక్కినవాడిని దింపడు, "ఇతను నిలబడలేదు, నిలువుగా కూర్చున్నాడు" అని టికెట్టు కొడతాడు. ఇంతే అబద్ధం. ఇక దాన్ని పాటించాలి. ఒక ముసలమ్మ ఎక్కి "లేచి కాస్త చోటివ్వు నాయనా" అంటుంది. అతను మర్యాదగా లేస్తాడు. ఆమె ఆ ఖాళీలో కూర్చుని అమ్మయ్య అంటుంది. చెకింగ్ ఇన్‌స్పెక్టరు ఎక్కి ఇక్కడ సీటే లేదు కదా అంటాడు. బ్రేకు పడుతుంది, కింద పడేది అతనొక్కడే. వినేవాడికి కనిపించదు కాబట్టి నిలువు సీటు వాడి తలలో తయారైపోతుంది.

ఇది ఎక్కడ చెడుతుంది? రెండో వింత కలిపినప్పుడు, అంటే బస్సు ఎగరడం మొదలెట్టినప్పుడు చెడుతుంది. అప్పుడు ఏదైనా జరగొచ్చు కాబట్టి దేనికీ నవ్వు రాదు. పాత్రల్లో ఒకడు "ఇదేం పిచ్చి" అని నవ్వితే చెడుతుంది. ఇన్‌స్పెక్టరు కూడా కోపగించాలే గానీ ఆశ్చర్యపోకూడదు. ముసలమ్మ కూర్చున్నాక సీటు కిర్రుమన్న శబ్దం ఆలస్యంగా వస్తే చెడుతుంది. అది మాట కంటే ముందే రావాలి. ముగింపు కోసం అదంతా కల అని చెబితే మొత్తం పోయినట్టే.

మిలిగన్ పిల్లల పద్యాల్ని తెలుగు చేయబోయేవాళ్ళకి ఒక హెచ్చరిక. 1959 సంపుటిలో ఉన్న "ఆన్ ద నింగ్ నాంగ్ నోంగ్"ని 1998లో బ్రిటన్ జనం తమకి బాగా ఇష్టమైన హాస్యపద్యంగా ఎంచుకున్నారు, అక్కడి ప్రాథమిక పాఠశాలల్లో ఇప్పటికీ చెబుతారు. అందులో ఆవులు గంటలా మోగుతాయి, ఎలుకలు లోహంలా ఖంగుమంటాయి. అనువదించేటప్పుడు ఆవు అనగానే చెయ్యి "అంబా" వైపు పోతుంది, అక్కడే పద్యం చస్తుంది. జంతువుకి దానిది కాని శబ్దం రావడమే అక్కడి విషయం. రెండో చిక్కు ఛందస్సుది. మూలంలో ఒక్కో మాటా ఒక్కో గురువు, చివర హల్లుతో టక్కున ఆగుతుంది. మన మాటలు అచ్చుతో ఆగుతాయి కాబట్టి అది "నింగు నంగు నొంగు" అయి, ఒక్కోదానికి ఒక లఘువు అదనంగా తోక కట్టుకుని నడక సాగిపోతుంది. దాన్ని దాచాలని చూడకుండా మూడేసి మాత్రల త్రిశ్రగతిలోకి మొత్తం పద్యాన్ని మార్చేయడమే మంచిది. చెవి సాధన కోసం "కాళ్ళా గజ్జా కంకాళమ్మా" ఆట పాట అందుకోండి. మొగ్గ కాదు మోదుగ నీడ, నీడ కాదు నిమ్మల బావి అంటూ ప్రతి మాటా ముందు మాటని కాదని, శబ్దం పట్టుకుని తర్వాతదానికి దూకుతుంది. దాని గతి వేరు, నాలుగు మాత్రలది. దూకే పద్ధతి మాత్రం మిలిగన్‌దే అనిపిస్తుంది.

సమాధి మీద "నాకు ఒంట్లో బాగాలేదని చెప్పానుగా" అని రాసి ఉందని అందరూ చెప్పుకునే మాట నిజమే గానీ, ఇంగ్లండ్‌లో వించెల్సీ అనే ఊళ్ళోని ఆ రాయి మీద అది ఇంగ్లీషులో లేదు. అతను 2002లో పోయాక, చర్చి పెద్దలు ఇంగ్లీషులో ఒప్పుకోకపోవడంతో ఐరిష్ భాషలో చెక్కించారు. నిబంధననీ పాటించారు, జోకునీ వదల్లేదు.

పైన చెప్పిన మూడు ఎపిసోడ్ల తర్వాత లర్గీది వినండి, ఆ తర్వాత 11 నిమిషాల చిత్రం, ఆపైన క్యూ6, దాని వెంటనే పైథాన్ మొదటి సిరీస్‌లో ఏదో ఒకటి. పాత రికార్డింగుల్లో కొన్ని విదేశాలకి పంపడానికి బీబీసీ కత్తిరించిన ప్రతులు తిరుగుతున్నాయి. కథ ఒకచోట అర్థం లేకుండా గెంతినట్టు అనిపిస్తే తప్పు మిలిగన్‌ది కాకపోవచ్చు, వేరే ప్రతి వెతకండి. 1972లో ముగ్గురూ మళ్ళీ కలిసి చేసిన "ద లాస్ట్ గూన్ షో ఆఫ్ ఆల్" మాత్రం అన్నిటికంటే చివర్న పెట్టుకోండి. పాత స్నేహితుల కలయికలా ఉంటుంది అది. పాత్రలతో పరిచయం లేకుండా వెళ్తే, తెలియని వాళ్ళింటి పెళ్ళిభోజనానికి వెళ్ళినట్టే.